మూగ ఎద: పట్టీకీ అందని గుట్టు

గేదె ఎదకు వచ్చిన సంగతి కంట పడకపోతే పాడిరైతు మళ్లీ 21 రోజులు ఆగాలి. వట్టిపోయిన గేదెకు అన్నాళ్ల మేతా దండుగే. ఆవులా అరిచి గోల చేయడం దానికి తక్కువ. లక్షణాలు కనిపించేదీ ఎక్కువగా రాత్రివేళ, తెల్లవారుజామున. మూగ ఎద అని రైతులు ఊరికే అనలేదు!

ఆవుల మెడకో, కాలికో కట్టే ఎలక్ట్రానిక్ పట్టీలు కదలికలను లెక్కగడతాయి. నడక మామూలును మించితే ఎద అని, నెమరు తగ్గితే జబ్బేమోనని యజమాని ఫోనుకు కబురు పంపుతాయి. పని లేనప్పుడు నిద్రావస్థలో ఉంటాయి గనుక చిన్న బ్యాటరీయే ఏళ్ల తరబడి సరిపోతుంది.

గేదెతోనే చిక్కు. ఎదలో ఉన్నా అది ఆవంతగా తిరగదు. ఆవు లెక్కతో చేసిన పట్టీ దాన్ని పసిగట్టలేకపోవచ్చు. అందుకే పట్టీ కట్టినా, పొద్దున్నే కొట్టంలోకి వెళ్లి తీగలు వేసిందేమో చూసుకోక తప్పదు. సాయంత్రం ఎద కనిపిస్తే మర్నాడు ఉదయమే పశువైద్యశాలకు తోలుకెళ్లాలి.