వేదిక మీద ఇద్దరు, వెనుక ఇల్లంతా

హేమానుకు 14 మంది కుమారులు, ముగ్గురు కుమార్తెలు ఉండేవారనీ, వారందరూ తండ్రి చేతి క్రింద యెహోవా మందిరంలో గానం చేసేవారనీ దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయంలో చదువుతాం. మన చిత్తూరు, తిరుపతి సంఘాల క్వాయర్‌లలోనూ అన్న కీబోర్డు, తమ్ముడు డ్రమ్స్, చెల్లెలు పాట అన్నట్టు ఒకే ఇంటి పిల్లలు కనిపిస్తుంటారు. ఇంగ్లీషు క్రైస్తవ పాటలు వినే మన యౌవనులకు 'ఫర్ కింగ్ అండ్ కంట్రీ' పేరు తెలిసే ఉంటుంది. జోయెల్, లూక్ స్మాల్‌బోన్ అనే అన్నదమ్ముల పాప్ రాక్ బృందం అది.

వీరి తండ్రి డేవిడ్ ఆస్ట్రేలియాలో క్రైస్తవ సంగీత కచేరీలు ఏర్పాటు చేసేవారు. అందులో భారీగా నష్టపోయి, 1991లో ఆరుగురు పిల్లలతో, గర్భవతి అయిన భార్య హెలెన్‌తో అమెరికాలోని నాష్‌విల్ చేరారు. నమ్ముకొని వెళ్లిన ఉద్యోగం కాస్తా పోయింది. ఇంట్లో మంచాలు లేవు, బట్టలు పరచుకొని పడుకున్నారు. పిల్లలతో సహా అందరూ ఇతరుల ఇళ్లు శుభ్రం చేశారు, పెరళ్లలో ఆకులు ఊడ్చారు. సంఘస్థులు సరుకులు, సామాను తెచ్చి ఆదుకున్నారు.

ముందు పేరు వచ్చింది పెద్దమ్మాయికి. రెబెకా సెయింట్ జేమ్స్ పేరుతో ఆమె పాడిన 'ప్రే' ఆల్బమ్‌కు గ్రామీ అవార్డు దక్కింది. మరి తమ్ముళ్లు? అక్క కచేరీల్లో లైట్లు చూసుకున్నారు, వెనుక నిలబడి గొంతు కలిపారు. వీరికి అసలైన సంగీత పాఠశాల అదేనని నాకనిపిస్తుంది. ఆరాధన అయ్యాక వైర్లు చుట్టి, స్పీకర్లు మోసే తమ్ముళ్ల పేర్లు మన సంఘంలో ఎంతమందికి తెలుసు?

తొలి ఆల్బమ్ 'క్రేవ్' 2012లో వచ్చింది. ఆ తరువాత లూక్‌కు అల్సరేటివ్ కొలైటిస్ అనే పెద్దప్రేగు వ్యాధి ముదిరి, మనిషి బాగా చిక్కిపోయారు. 2015లో రెండు గ్రామీలు, 2020లో మరో రెండు వచ్చాయి.

అవార్డులకన్నా చెప్పుకోదగింది 'బర్న్ ద షిప్స్' పాట. గర్భంతో ఉన్నప్పుడు వికారం తగ్గడానికి వాడిన మాత్రలకు లూక్ భార్య అలవాటుపడిపోయారు. చికిత్స తీసుకొని, మిగిలిన మాత్రలను పారబోశారు. ఆ పాట వెనుక కథ ఇదే. పరిచర్యలో ఉన్న కుటుంబం ఇలాంటిది బయటపెట్టడం చిన్న విషయం కాదు. మనమైతే ప్రార్థన కూడికలో కూడా "ఆరోగ్యం కోసం" అని చెప్పి ఊరుకుంటాం.

ఈ కుటుంబ కథే 2024లో 'అన్‌సంగ్ హీరో' సినిమాగా వచ్చింది. అందులో తండ్రి డేవిడ్‌గా నటించింది జోయెలే.