ఇంటి ధూళి - తడిగుడ్డ

ఎండవేళ కిటికీ సందునుండి గదిలో పడు కిరణమును చూడుడు. అందులో లెక్కకు మిక్కిలిగా రేణువులు తేలియాడుచుండును. మన పూర్వులు వీనికి త్రసరేణువులని పేరిడిరి. మనుస్మృతిలో తూనికల లెక్క ఈ రేణువుతోనే మొదలగును. అయితే కంటికి కానరాని రేణువులు ఇంతకంటె హానికరములని నేటి శాస్త్రము తెలుపుచున్నది.

వర్తూరు వంటి పెరుగుచున్న ఊరిలో కొత్త కట్టడములు, త్రవ్విన దారులు, వాహనములు తిరుగు ఎర్రమట్టి బాటలు ధూళికి బయటి మూలములు. వంటింటి మసి, అగరువత్తుల పొగ, వస్త్రముల నూలు, మన చర్మమునుండి రాలు పొరలు ఇంటిలోని మూలములు.

మీటరులో పదిలక్షలవ వంతు ఒక మైక్రాను. 2.5 మైక్రానుల రేణువు తలవెంట్రుక మందములో ఇంచుమించు ముప్పదియవ వంతు మాత్రమే. ఇట్టివి ఊపిరితిత్తుల లోతులకు చేరి, ఉబ్బసమును, గుండెజబ్బులను పెంచును. ఘనమీటరు గాలిలో ఇవి సంవత్సర సగటున 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. మన దేశము 2009లో విధించిన హద్దు 40.

పొడి చీపురుతో విసురుగా ఊడ్చినపుడు ఇసుక చేటలోనికి వచ్చును. సన్నని ధూళి గాలిలోనికి లేచును. 10 మైక్రానుల రేణువు కొన్ని నిమిషములలో నేల చేరును. 2.5 మైక్రానులది మనిషి యెత్తునుండి దిగుటకు, గాలి కదలకున్నను, గంటయో అంతకు మించియో పట్టును. పిదప అది పడకలపైనను, పుస్తకములపైనను వ్రాలును. అట్టి ఇల్లు కంటికి శుభ్రము, ఊపిరికి కాదు.

తడి రేణువులను అంటించుకొని లేవనీయదు. వాకిట కళ్ళాపి చల్లు ఆచారమున ఈ మేలు కూడ కలదు. అయితే ఇల్లంతయు కడుగ నవసరము లేదు. 2024 వేసవిలో బెంగుళూరు నీటికి కటకటలాడినపుడు, త్రాగునీటితో వాహనములు కడుగువారికి జలమండలి 5,000 రూపాయల జరిమానా విధించినది. నీటి విలువ మనమెరిగినదే. బాగుగా పిండిన తడిగుడ్డకు అరబకెట్టు నీరు చాలును.

పాటింపవలసిన పద్ధతి ఇది. చెప్పులు గడప వెలుపలనే విడువవలెను. అచట కొబ్బరినార పట్టా వేయవలెను. ఆహారమును, నీళ్లబిందెను మూసి, కిటికీలు తెరచి, పని పైనుండి క్రిందికి సాగింపవలెను: మొదట బూజు, పిదప ఫ్యాను రెక్కలు, అలమరలు, తుదకు నేల. బూజు, రెక్కలు దులుపుటకు మారు తడిగుడ్డతో తుడువవలెను. రోడ్డు రద్దీగా నున్నపుడు ఆ వైపు కిటికీలు మూయుట మంచిది. వంటింటి పొగకు మాత్రము దారి యుండవలెను. పరుపులలో చర్మపు పొరలు తిని బ్రతుకు సూక్ష్మ జీవులుండును. దుప్పట్లను వారమునకొకసారి 60 డిగ్రీల వేడినీట నుతికినచో అవి చచ్చును.

విద్యార్థులారా! ఇల్లు ఊడ్చువారే ఎక్కువ ధూళి పీల్చుదురు. పెక్కు ఇండ్లలో ఆ భారము తల్లిపైననో, పనిమనిషిపైననో పడుచున్నది. వారు ముక్కుకు గుడ్డ కట్టుకొనునట్లు చూడుడు. బాలురైనను బాలికలైనను మీ పుస్తకముల అరను, మీరు కూర్చుండు చోటును మీరే తడిగుడ్డతో తుడుచుకొనుడు. అంతమేరకు వారి ఊపిరికి భారము తగ్గును.