రాజు ఎదుట నిలిచే చదువు



గత నెలలో ఒక సాయంకాలము మా సంఘములోని ఒక దర్జీ తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చాడు. రాత్రింబగళ్ళు మిషను త్రొక్కి ఆ బిడ్డను బి.కాం. చదివిస్తున్నాడు. చిన్న దుకాణముల పద్దులను గూర్చి ఆమె ప్రాజెక్టు వ్రాయవలసియున్నది. ఫోనులోని ఏఐని అడిగితే ఒక్క గంటలో నలభై పేజీలు వచ్చాయి. మౌఖిక పరీక్షలో అధ్యాపకుడు ఒక పేజీ తెరచి, “ఈ లెక్క ఏ దుకాణముదమ్మా?” అని అడిగాడు. ఆమె నోట మాట రాలేదు. రిపోర్టు తిప్పి పంపారు.

“అయ్యగారూ, అన్నీ ఆ యంత్రమే చేసేస్తే రేపు నా బిడ్డకు పని ఎవరిస్తారండీ?” అని ఆ తండ్రి కండ్లనీళ్ళు పెట్టుకొన్నాడు.

ఆమెను గద్దించుటకు మాకు నోరు రాలేదు. కొద్ది వారముల క్రిందట ఒక శనివారము రాత్రి మేమును ప్రసంగము కొరకు ఆ యంత్రమునే ఆశ్రయించాము. అది చూపిన రిఫరెన్సులలో ఒకదానిని బైబిలు తెరచి చూడగా, ఆ అధ్యాయములో ఆ మాటే లేదు! చూచాము గనుక సరిపోయినది. లేనియెడల సంఘము ఎదుట లేని వాక్యమును పలికియుండేవారము.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలలోనికి వచ్చినది మొదలు ఇట్టి యంత్రములు ఇంటింటికీ చేరాయి. ఇవి అపారమైన వ్రాతల నుండి నేర్చుకొని, ఒక మాట తరువాత ఏ మాట రాదగునో లెక్కకట్టి వాక్యములు అల్లుతాయి. అందువలన తప్పును కూడ ఒప్పు చెప్పినంత ధైర్యముగా చెప్పగలవు. అవి ఎంతో సహాయము చేస్తాయి. అయితే చెప్పినదానికి పూచీ పడవలసినవాడు మాత్రము మనిషే. ఈ కాలపు విద్యార్థికి విశ్వవిద్యాలయము నేర్పవలసిన మొదటి నైపుణ్యము ఇదేనని మా నమ్మకము.

2019లో హైదరాబాదు ఐఐటీ కృత్రిమ మేధలో ప్రత్యేకముగా బి.టెక్. కోర్సు ప్రారంభించినది. మంచిదే. కాని ఆ సీటు అందరికీ దొరకదు. మిగిలిన లక్షలాది పిల్లల మాటేమిటి?

మొదటిది, ఏ గ్రూపు చదివినా పునాది గట్టిగా వేయాలి. కూడికలు, శాతములు, సగటులు అర్థము కానివాడు యంత్రమిచ్చిన లెక్కలో తప్పు పట్టలేడు. ఇంగ్లీషైనా తెలుగైనా ఒక పేరా చదివి సారము చెప్పలేనివాడు యంత్రము వ్రాసినదానిని దిద్దలేడు.

రెండవది, పరీక్షించే పద్ధతి మారాలి. గైడు బట్టీపట్టి వ్రాసే జవాబులను యంత్రము మనకంటె బాగా వ్రాస్తుంది. గనుక యంత్రమిచ్చిన జవాబునే తరగతిలో పెట్టి, ఇందులో తప్పు ఏది, ఆధారమేది అని వెదకించాలి. ఎక్కడ దాని సహాయము పొందారో దాచక వ్రాయించాలి. ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నలడగాలి. ఇందుకు అధ్యాపకులకు శిక్షణ కావాలి. ఖాళీగా ఉన్న పోస్టులు నిండాలి.

మూడవది, విద్యార్థిని మనుష్యుల మధ్యకు పంపాలి. ఆకు ఫోటో చూచి యంత్రము తెగులు పేరు చెప్పవచ్చును. అది నిజమో కాదో వ్యవసాయ విద్యార్థి చేనులో దిగి చూడాలి. జబ్బు లక్షణములను అది వరుసగా చెప్పవచ్చును. భయపడుచున్న రోగి చేయి పట్టుకొనవలసినది నర్సు.

తెలుగు మీడియములో చదివిన పిల్లలు వెనుకబడిపోతారని భయపడనక్కరలేదు. మన భాషలలో ఈ సౌకర్యము కలుగవలెనని కేంద్ర ప్రభుత్వము 2022లో భాషిణిని ప్రారంభించినది. 2017 నుండి స్వయం ద్వారా అనేక కోర్సులు ఉచితముగా నేర్చుకొనవచ్చును. కళాశాలలు ఈ మార్గములను పేద విద్యార్థులకు చూపించాలి.

దానియేలును అతని ముగ్గురు స్నేహితులను తలంచుకొందము. బబులోనులో మూడు సంవత్సరములు వారు కల్దీయుల భాషను, విద్యను నేర్చుకొన్నారు. అన్యుల విద్యయని త్రోసివేయలేదు. అయితే రాజు భోజనముతో తమ్మును అపవిత్రపరచుకొనకూడదని నిశ్చయించుకొన్నారు. గడువు తీరిన తరువాత రాజు వారి చేత వ్రాయించలేదు. తానే వారితో మాటలాడి చూచాడు. అదియే వారి మౌఖిక పరీక్ష! వారి జ్ఞానము వారిలోనే ఉన్నది గనుక నిలిచారు. నేర్చుకొనుటకు వెనుదీయని మనస్సు, అపవిత్రతకు లొంగని మనస్సు – ఈ రెండును మన పిల్లలకు కావాలి.

ఆ అమ్మాయికి కళాశాలవారు మరల గడువిచ్చారు. “మొదట మీ నాన్నగారి పద్దుపుస్తకము తీయమ్మా” అని చెప్పి ప్రార్థించి పంపాము. మొన్న ఆదివారము ఆరాధన అయిన తరువాత తండ్రి నవ్వుచూ వచ్చి, “అయ్యగారూ, బట్టలు కుట్టించుకొని డబ్బులివ్వనివాళ్ళ లెక్క ఇన్నాళ్ళూ నాకే తెలియలేదు. మా అమ్మాయి తేల్చింది!” అన్నాడు. ఆ లెక్క ఏ దుకాణముదని ఇక ఎవరడిగినా ఆ బిడ్డ తడబడదు.

తలిదండ్రులారా, మార్కులెన్ని అని అడుగుటకు ముందు, ఏమి నేర్చుకొన్నావో చెప్పమని మీ పిల్లలను అడగండి. వారి పక్షమున, వారి అధ్యాపకుల పక్షమున ప్రార్థించండి. ప్రభువు మీ కుటుంబములను ఆశీర్వదించును గాక. ఆమేన్.