పొలుసులకు పులుపు మందు

కొన్నేళ్ల క్రితం మా తరగతిలో ఒక విద్యార్థి ఎండాకాలంలోనూ తలకు రుమాలు చుట్టుకొని చివరి బల్లపై ఒంటరిగా కూర్చొనేవాడు. అతని తలనుండి తెల్లని పొలుసులు రాలుతున్నాయని వసతిగృహంలోని మిత్రులు అతని దువ్వెనను, తలగడను దూరంగా ఉంచేవారు. చుండ్రు అనుకొని ఆ అబ్బాయి రోజూ నిమ్మరసం రుద్దుకొనగా మాడు పుండ్లు పడింది. చివరకు చర్మవైద్యుడు పరీక్షించి, అది చుండ్రు కాదని, సోరియాసిస్ అని తేల్చాడు.

గ్రీకు భాషలో 'సోరా' అనగా దురద. ఆ పదం నుండియే ఈ పేరు పుట్టింది. మాడుమీద ఎర్రని మచ్చలు ఏర్పడి, వాటిపై వెండివలె మెరిసే మందమైన పొలుసులు పేరుకొంటాయి. చామనచాయ శరీరాలపై మచ్చలు ఎరుపుగాక ఊదాగానో, గోధుమరంగుగానో తోచవచ్చు. నుదుటి అంచునకు, చెవుల వెనుకకు కూడ ఇవి వ్యాపిస్తాయి.

చర్మం అడుగుపొరలో పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సాధారణంగా సుమారు నెల రోజులు పడుతుంది. ఈ వ్యాధిలో ఆ ప్రయాణం కొద్ది రోజులలోనే ముగుస్తుంది. దేహాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థయే దారి తప్పి కణాలను తొందరపెట్టడం ఇందుకు కారణం. పక్వం కాని కణాలు విడివడి రాలలేక, ఒకదానికొకటి అంటుకొని పొలుసులవుతాయి. వంశపారంపర్యత దీనికి తోడ్పడుతుంది. మానసిక ఒత్తిడి, గొంతునొప్పి కలిగించే కొన్ని సూక్ష్మజీవులు, పొగత్రాగుడు దీనిని రెచ్చగొడతాయి.

ఇది అంటువ్యాధి కాదు. దువ్వెన వలనగాని, స్పర్శ వలనగాని ఇతరులకు సోకదు. పూర్వం దీనిని కుష్ఠుగా భ్రమించి రోగులను వెలివేసిన సందర్భాలున్నాయి. 1841లో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా ఈ రెండు వ్యాధులను స్పష్టంగా వేరుపరచాడు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ కూడ ఇది అంటురోగం కాదని తన తీర్మానంలో పేర్కొన్నది.

ఇక చికిత్స. తలుపు మూసి ఉన్న ఇంటిలోనికి అతిథి రాలేనట్లే, పొలుసులు దట్టంగా ఉన్న మాడులోనికి మందు చొరబడలేదు. ఆ తలుపు తెరిచే సాధనాలలో గ్లైకాలిక్ ఆమ్లం ఒకటి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, పెరుగులోని లాక్టిక్ ఆమ్లం దీనికి బంధువులు. చెరకులో సహజంగా లభించే ఈ ఆమ్లాన్ని నేడు ఎక్కువగా కర్మాగారాలలో తయారుచేస్తున్నారు. ఈ కుటుంబంలో దీని అణువే మిక్కిలి చిన్నది. కనుక సులభంగా చర్మంలోనికి ప్రవేశించి, మృతకణాలను పట్టి ఉంచే బంధాలను సడలిస్తుంది. ఇట్టి ఆమ్లాలు పొలుసుల చర్మవ్యాధులకు ఉపకరిస్తాయని 1974లో అమెరికా పరిశోధకులు వాన్ స్కాట్, యూ ప్రకటించారు. పొలుసులు తొలగిన పిదప వైద్యుడు సూచించిన స్టెరాయిడ్ లేపనం వ్యాధిస్థానాన్ని చేరగలుగుతుంది. ఇదే పనికి శాలిసిలిక్ ఆమ్లాన్ని మరింత విరివిగా వాడుతారు.

అయితే ఆమ్లం తలుపు తెరుస్తుందే కాని లోపలి మంటను ఆర్పదు. వ్యాధిని సమూలంగా నిర్మూలించే మందు ఇంకా లేదు. అదుపులో ఉంచే మందులు మాత్రం ఉన్నవి. గాఢత మించినా, పగిలిన చర్మంపై పూసినా ఆమ్లం మంట పుట్టిస్తుంది. గోళ్లతో గీకినా, పొలుసులను బలవంతంగా పెకలించినా ఆ గాయమున్న చోటనే కొత్త మచ్చలు లేవవచ్చు. ఆమ్లం పూసిన చర్మం ఎండకు త్వరగా కందుతుంది. కాబట్టి ముఖసౌందర్యానికై అమ్మే సీసాలను తలకు వాడరాదు. కీళ్లనొప్పులు తోడైతే వైద్యునికి తప్పక తెలియజేయాలి.

ఆ విద్యార్థి మాడు కొన్ని నెలలకు శుభ్రపడింది. రుమాలు మాత్రం అంతకు ముందే, మిత్రులు విషయం తెలుసుకొని అతని ప్రక్కన కూర్చున్న రోజుననే తొలగిపోయింది. పొలుసులకు మందు వైద్యుడు ఇస్తాడు. వెలివేతకు మందు మనమే ఇవ్వాలి.

ప్రశ్నలు
1. సోరియాసిస్‌లో పొలుసులు ఏర్పడే విధానాన్ని వివరించండి.
2. గ్లైకాలిక్ ఆమ్లం చేసే మేలును, దాని పరిమితులను తెలుపండి.
3. 'వెలివేతకు మందు మనమే ఇవ్వాలి' - ఈ వాక్యంలోని అంతరార్థాన్ని విశదీకరించండి.