‘ఇక చేసేదేం లేదు’ అన్నాక చేయాల్సిన వైద్యం

భద్రాచలం దగ్గరి చర్ల, దుమ్ముగూడెం వైపు ఊళ్ల నుంచి కేన్సర్ రోగిని హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే మూడొందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. అంత దూరం పోయి ‘ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అనిపించుకుని వస్తే, వైద్యం అక్కడితో అయిపోయిందనే అనుకుంటారు ఇంటివాళ్లు. ఈ కింది అపోహలన్నిటికీ మూలం అదే. జబ్బు నయం కాకపోయినా నొప్పికి, ఆయాసానికి, వాంతులకు, పుండ్ల దుర్వాసనకు, నిద్ర పట్టకపోవడానికి మందుంది. దాన్నే పాలియేటివ్ కేర్, ఉపశమన వైద్యం అంటున్నారు.

అపోహ: ఇది చివరి రోజుల్లో ఇచ్చేది. ముందే మొదలుపెడితే మనిషి త్వరగా పోతాడు.

వాస్తవం: అమెరికాలో బోస్టన్‌కు చెందిన డాక్టర్ జెన్నిఫర్ టెమెల్ బృందం 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. ముదిరిన ఊపిరితిత్తుల కేన్సర్ కొత్తగా బయటపడ్డ 151 మందిని తీసుకుని, సగం మందికి మామూలు చికిత్స, మిగతా సగానికి దానితోపాటే ఉపశమన వైద్యం మొదటి నుంచీ ఇచ్చారు. రెండో గుంపులో దిగులు తగ్గింది. చివరి దశలో శరీరాన్ని హింసించే చికిత్సలూ తగ్గాయి. అయినా వాళ్ల మధ్యస్థ ఆయుష్షు 11.6 నెలలు, మామూలు చికిత్స మాత్రమే పొందినవాళ్లది 8.9 నెలలు. ఒక రకం కేన్సర్ మీద జరిగిన పరిశోధన ఇది, అందరికీ ఆయుష్షు పెరుగుతుందని దీన్ని చూపి మాటివ్వలేం. ఆయుష్షు తగ్గుతుందన్న భయం మాత్రం దీని ముందు నిలవదు.

అపోహ: మార్ఫిన్ మత్తుమందు. అలవాటవుతుంది, ప్రాణం తీస్తుంది.

వాస్తవం: మార్ఫిన్ తీవ్రమైన నొప్పికి ఇచ్చే మందు. దాని మీద భయం ఇళ్లలోనే కాదు, డాక్టర్లలోనూ ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తర్వాత ఒక్క మందుకు అనేక లైసెన్సులు కావాల్సివచ్చి, చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. దేశంలో ఏడాదికి 716 కిలోలుండే వాడకం 1990ల చివరికి 18 కిలోలకు పడిపోయింది. మార్ఫిన్ తీసే నల్లమందు గసాలను చట్టబద్ధంగా పండించే దేశంలో జరిగింది ఇది! కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక 2014లో చట్టం సవరించారు. ఈలోగా ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ రాయడం నేర్చుకోకుండానే చదువు ముగించారు.

మామూలు మార్ఫిన్ మాత్రను చిన్న మోతాదుతో మొదలుపెట్టి, సాధారణంగా నాలుగు గంటలకోసారి, వేళ తప్పకుండా ఇస్తారు. నొప్పి భరించలేనంత అయ్యేదాకా ఆగకూడదు. మొదట్లో మగత, వికారం ఉంటాయి, కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం పోదు, అందుకే విరేచనం మందు కలిపి రాస్తారు. డాక్టర్ పర్యవేక్షణలో కేన్సర్ నొప్పికి వాడేవాళ్లు దానికి బానిసలవడం అరుదు. సరైన మోతాదులో ఇస్తే అది చావును ముందుకు తేదు. పిలిచినా లేవనంత మత్తుగా ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి. అంతేగాని భయపడి మందు తమంతట తాము ఆపేయకూడదు.

అపోహ: తినకపోవడం వల్లే నీరసిస్తున్నాడు, బలవంతంగానైనా పెట్టాలి.

వాస్తవం: చివరి రోజుల్లో శరీరానికే ఆకలి ఉండదు. బలవంతంగా పెడితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. అడిగింది అడిగినంతే పెట్టి, పెదాలు, నోరు తడిపితే చాలు. ముద్ద దిగలేదని కుమిలిపోయే కూతుళ్లు, కోడళ్లు ఈ ఒక్క మాట నమ్మాలి: అది మీ తప్పు కాదు.

అపోహ: ఇది కేన్సర్‌కే.

వాస్తవం: ముదిరిన గుండె, ఊపిరితిత్తుల జబ్బులకూ ఈ వైద్యం ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రపంచవ్యాప్తంగా ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఇది అవసరం. అందేది సుమారు 14 శాతం మందికే.

అపోహ: ఇదంతా హైదరాబాద్‌లోనే దొరుకుతుంది.

వాస్తవం: ఎం.ఎన్.జె.లో డాక్టర్ గాయత్రి పాలట్ వంటివారి కృషితో బలపడిన ఈ వైద్యం ‘ఆలన’ పేరుతో జిల్లాలకూ వచ్చింది, ఖమ్మం వాటిలో ఒకటి. నర్సు ఇంటికే వచ్చి పుండు కడగడం, మందు చూడడం, ఇంటివాళ్లకు నేర్పడం దీని పద్ధతి. అయితే వరదొస్తే నర్సు రావడం కష్టం. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి వానాకాలంలో దారులు మూసుకుపోయే ఊళ్లకు ముందే సరిపడా మందు చేర్చిపెట్టాలి. అక్కడి ఆదివాసుల కోయ భాష మాట్లాడే ఆశా కార్యకర్తలకు ఈ పనిలో శిక్షణ ఇవ్వాలి.

మీ ఇంట్లో నొప్పితో మూలిగే మనిషి ఉంటే ‘ఇంకేం చేస్తాం’ అనుకోకండి. ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ కేంద్రం ఎక్కడని అడగండి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ అడగండి, ఎందుకంటే ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాలు ఇవ్వాల్సిన పన్నెండు రకాల సేవల్లో ఇదీ ఉంది.