గూడబాతు ఫోజు ఇవ్వదు

ఆవు బొమ్మ వెయ్యమంటే మా డ్రాయింగు క్లాసులో వెయ్యనివాళ్ళుండరు. చెవి ఎక్కడ, కొమ్ము ఎక్కడ అని అడిగితే మాత్రం పెన్సిళ్ళు ఆగిపోతాయి. కొమ్ము పైన మొలుస్తుంది, చెవి దాని కింద పక్కకి వాలి ఉంటుంది. వెనక కాలైతే ఇంకా తమాషా. వెనక్కి వంగి కనిపించేదాన్ని మోకాలనుకుంటాం, అది మడమ! అసలు మోకాలు పైన, పొట్ట దగ్గరుంది. పాడి ఉన్న ఇళ్ళ పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు.

అందుకే వీలైన ఆదివారం వాళ్ళని గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడు చెరువు కట్టకి తీసుకెళ్తాను. చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. అట్టముక్క, నాలుగు తెల్లకాగితాలు, 4బి పెన్సిలు చాలు. రబ్బరు తేవద్దంటాను. "ఫోటో తీసుకుని ఇంటికెళ్ళి వేస్తాం మాస్టారూ" అని బేరం పెడతారు. ఫోనుకి రెప్పపాటు చాలు. మనకి చాలదు, నాక్కావలసింది ఆ చాలకపోవడమే.

ఒకే కాగితం మీద నాలుగైదు బొమ్మలు మొదలుపెట్టాలి. కొంగ మెడ తిప్పేస్తే ఆ బొమ్మ వదిలేసి పక్కన ఇంకోటి. కాసేపటికి అది మళ్ళీ పాత తీరుకే వస్తుంది. అప్పుడు పాత బొమ్మకి ఇంకో రెండు గీతలు. అలా కాచుకుని కూర్చుంటే దాని అలవాట్లన్నీ తెలిసిపోతాయి. ఎండెక్కాక తల్లికొంగ గూటి మీద రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకి నీడ పడుతుంది. గూడబాతు గొంతుసంచి అదేపనిగా వణుకుతుంది, ఒంట్లో వేడి పోగొట్టుకోవడానికి. వణుకుని ఎలా గీస్తాం? ఒక పాప సంచి అంచుని మూడు గీతలుగా వేసింది. నాకు తట్టలేదు.

నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది. కూనలకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. చదివితే మర్చిపోతామేమో గానీ, ఆ రెండు ముక్కులూ పక్కపక్కన గీసినవాడు మర్చిపోడు.

ఈ పనిలో మొనగాడు మొగల్ పాదుషా జహంగీర్ ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్. 1612లో గోవా నుంచి వింత జంతువులు వస్తే, జహంగీర్ వాటి గురించి రాయడంతో ఊరుకోక బొమ్మలు కూడా వేయించాడు. ముత్తాత బాబరు జంతువుల గురించి రాశాడే గానీ బొమ్మలు వేయించలేదని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు కూడా. వేటలో చంపిన జంతువుల లెక్క రాయించుకున్నదీ ఈ పాదుషాయే. ప్రేమా వేటా ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో! మన్సూర్ 1621లో వేసిన జీబ్రా ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆయనదని చెప్పే డోడో బొమ్మ సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. డోడో జాతే అంతరించింది గనక, బతికున్న పక్షి రంగులెలా ఉండేవో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ బొమ్మని చూస్తారు. సైబీరియా కొంగ బొమ్మ కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉంది. ఆ కొంగలు చలికాలంలో భరత్‌పూర్‌కి వచ్చేవి, 2002 తర్వాత రావడం మానేశాయి.

పిల్లలకి ఇదంతా చెప్పాక ఒక షరతు పెడతాను. గూళ్ళు కట్టే రోజుల్లో కట్ట దిగకూడదు, కేకలు వేయకూడదు. పక్షి మనల్ని చూసి లేచిపోతే గుడ్లు ఎండన పడతాయి. బొమ్మ కోసం ఆ నష్టం అక్కర్లేదు.

ఊళ్ళో చెరువు లేనివాళ్ళు ట్యూబులైటు పక్కన బల్లితో మొదలుపెట్టవచ్చు. పురుగు వచ్చేదాకా అది కదలదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అంతకన్నా మంచి మోడల్ దొరకదు. కాలివేళ్ళు లెక్కపెట్టి వెయ్యండి. తోక మొదట్నించీ ఉన్నదా, తెగి మళ్ళీ మొలిచిందా చూడండి. మళ్ళీ మొలిచిందైతే అతుకు దగ్గర రంగు మారుతుంది.