పిల్ల సన్నం, కొవ్వు ఘనం!

కాన్పు కబురు అందగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న ‘ఆడా, మగా?’ రెండోది ‘బరువెంత?’ తక్కువని తేలిందా, బామ్మగారి మొహం చిన్నబోతుంది. అన్నప్రాశన ఎప్పుడవుతుందా, నెయ్యి దట్టించి ఎప్పుడు బొద్దుగా చేద్దామా అని ఆవిడ ఆరాటం.

కాని త్రాసుకు అందని సంగతొకటి ఉంది. పుణే సమీప గ్రామాల్లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993లో ఆరంభించిన పరిశోధనలో శిశువుల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండులో పోల్చి చూసిన శిశువులది 3.5. మనవాళ్లకు కండ బాగా తక్కువ. చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు! పుణే, లండన్ శిశువుల బొడ్డుతాడు నెత్తురును పరీక్షించి 2002లో మరో వింత వెల్లడించారు. చిన్నగా పుట్టినా మన పిల్లల్లో ఇన్సులిన్ ఎక్కువ. ఒంట్లో కొవ్వు నిలవ ఎంతో మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోను ఇంచుమించు సమానం.

అయితేనేం అంటారా? ఢిల్లీలో 1492 మందిని పసితనం నుంచి కనిపెట్టి చూశారు. పాతికేళ్లు దాటేసరికి మధుమేహమో, దాని తొలి ఛాయలో కనబడినవారు రెండేళ్లదాకా సన్నగా ఉండి, ఆ తరువాత క్రమంగా ఒళ్లు చేసినవారేనని 2004లో తేలింది. పన్నెండో ఏట వారిలో ఒక్కరూ స్థూలకాయులు కారు! అంటే కంటికి ఆనని మార్పే కీడు చేసిందన్నమాట.

పుట్టుకతో వచ్చిన హార్మోనులు నుదుటి వ్రాత కావు. ఆరు నెలలూ తల్లిపాలే ఇవ్వండి. బరువుతోపాటు పొడవూ కొలిపించండి. ఆటలు మాన్పించకండి. అన్నిటికన్నా ముందు, రేపు తల్లి కాబోయే ఆడపిల్ల కంచంలో పప్పూ, పాలూ, ఆకుకూరా లోటు చేయకండి. మనవడి ఆరోగ్యానికి పునాది అక్కడే పడుతుంది.